గౌరి గజ్జెలు

అర్ధవీడు అవతల, అడవి అంచున ఉన్న చేలో ఉమ సరదాకొద్దీ కాసిని గొర్రెల్నీ ఒక గుర్రప్పిల్లనీ పెంచుకుంటోంది. పిల్ల తల్లి గౌరి ఒకప్పుడు పెళ్లి ఊరేగింపుల గుర్రం. మొన్నటి ఎండల్లో అది చచ్చిపోతే, కాళ్ల గజ్జెలు విప్పకుండానే దొడ్డి పక్కన పూడ్పించింది.

ఆ రోజు తండ్రి కాశన్న ఇంతెత్తున లేచాడు. "చచ్చిన ఎద్దుకైనా మువ్వలు విప్పుకొనే పూడుస్తారు గదే! రేపు పిల్లకేం కడతావు?"

"దాని సొమ్ము దానితోనే పోనీ నాయనా."

ఈ రాత్రి అన్నాల వేళ గొర్రెలన్నీ ఒక్కసారిగా నెమరు ఆపేశాయి. ఉమ కంచం వదిలి, టార్చి పట్టుకుని బయటికొచ్చింది. ముళ్లకంచె మీదుగా రెండు పచ్చటి కళ్లు దొడ్డిలోకి చూస్తున్నాయి. చిరుత. ఉమ రాయి కోసం వంగింది.

అప్పుడు ఘల్లుమంది.

గజ్జెల చప్పుడు దొడ్డి చుట్టూ నడిచి, నడిచి, పరుగందుకుంది. టార్చి వెలుగులో లేస్తున్న దుమ్ము తప్ప ఏమీ కనబడలేదు. పచ్చటి కళ్లు వెనక్కి తగ్గి, ఒక్క గెంతులో అడవిలో కలిసిపోయాయి. గొర్రెలు మళ్లీ నెమరేశాయి. గజ్జెలు మాత్రం ఆగలేదు.

వెనకే వచ్చిన కాశన్న కూతురి చెయ్యి పట్టుకున్నాడు. "ఏందే అది?"

"ఇప్పుడడుగు నాయనా, పిల్లకేం కడతావని!"

ఉమ పెద్దగా నవ్వుతూ పాకలోకి పోయి, సకిలిస్తున్న పిల్ల పలుపు విప్పేసింది. అది చీకట్లోకి దూసుకుపోయింది.

దొడ్డి చుట్టూ ఇప్పుడు రెండు గుర్రాల డెక్కల చప్పుడు. గజ్జెలు ఒకదానికే.