ఐసు దిమ్మలో ఫోను

గుణదల దగ్గరి ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసర్ ప్యానెల్‌ని ఇన్నేళ్లూ మరియదాసు ఒక్కడే చూసుకున్నాడు. ఈమధ్య ప్యానెల్ చేసే లెక్కల్ని కొంత క్లౌడ్‌కీ, కొంత ఆపరేటర్ల ఫోన్లకీ పంచేశారు. ఏ ఫోను పనిచేస్తుంటే దాని మనిషి పేరు ప్యానెల్ తెరమీద పచ్చగా వెలుగుతుంది. ఎప్పుడు చూసినా కొత్తగా చేరిన యేసుకుమార్ పేరే.

"దీనికి నా ఫోనంటేనే ఇష్టం దాసుగారూ!" అని నవ్వాడతను.

మరియదాసుకి కడుపు మండిపోయింది. చీకటిపడ్డాక యేసుకుమార్ ఫోను ఛార్జింగులో పెట్టి టీకి వెళ్లాడు. మరియదాసు దాన్ని తీసి, గడ్డకట్టడానికి నీళ్లు పోసి ఉంచిన ఐసు డబ్బాలో పడేశాడు.

యేసుకుమార్ ఫోను కోసం వెతికి వెతికి ఇంటికెళ్లిపోయాడు. తెల్లారేసరికి నీళ్లు దిమ్మకట్టాయి. లోపల ఫోను నల్లగా కనిపిస్తోంది. తెరమీద మాత్రం యేసుకుమార్ పేరు పచ్చగానే ఉంది.

మరియదాసు తన ఫోను ప్యానెల్‌కి ఆనించాడు.

"నేనుండగా వాడెందుకే? ఆ పని నాకివ్వవే!"

కంప్రెసర్ ఆగింది. ఎక్కడో నీటిచుక్క పడిన చప్పుడు. యేసుకుమార్ పేరు ఆరిపోయి, మరియదాసు పేరు వెలిగింది.

అతను నవ్వాడు. చేతిలో ఫోను చల్లబడింది. దానిమీద తెల్లగా మంచు పేరుకుని మణికట్టు దాకా పాకింది. వదిలేద్దామంటే వేళ్లు ఊడి రాలేదు.

తెరమీద అతని పేరే, పచ్చగా.