లిఫ్టులో పోయిన పాట

“ప్యాకెట్టు మూతి కట్టకుండా వదిలేసిందెవరు? కుబ్బూస్ రొట్టె అట్టముక్కలా తయారైంది!” అని విసుక్కున్నాడు సుందరరాజు.

“రాత్రి ఆఖర్న తిన్నది మీరేనండీ,” వంటింట్లోంచి మెర్సీ జవాబిచ్చింది. “పెనం మీద వేస్తే మెత్తబడుద్ది. దానికింత గోలెందుకు?”

నాన్న కోపం కుబ్బూస్ మీద కాదని కూతురు హెలెన్‌కి తెలుసు. ఆయన పాట దొంగతనానికి గురైంది. ఆ దొంగ ఇంకాసేపట్లో భోజనానికి వస్తున్నాడు.

సుందరరాజు అరబ్బు దేశంలో, హవల్లీ అనే ఊళ్లో ఒక వకీలు ఆఫీసులో అనువాదకుడు. కొన్నాళ్లుగా స్నానాల గదిలో, కారులో, లిఫ్టులో ఒకటే పాట కూనిరాగం తీస్తున్నాడు. ఎవరిదని అడిగితే “నాదే, ఇంకెవరిది?” అన్నాడు. నిన్న తెలుగు సంఘం పోటీలో పై అంతస్తు సురేష్ బాబు అదే పాట సొంతమని పాడి మొదటి బహుమతి కొట్టేశాడు. వచ్చే శుక్రవారం అతనికి శాలువా కప్పుతారట.

హెలెన్‌కి ఒళ్లు మండిపోయింది. ఈమధ్యే ఫ్రెంచి క్లాసులో ఒకాయన గురించి చెప్పారు. ఏడు వందల ఏళ్ల కిందట దక్షిణ ఫ్రాన్సులో పగలంతా వకీలుగా వాదించేవాడు, సాయంత్రమైతే ప్రేమపాటలు కట్టేవాడు. ప్రియురాలి పేరు మాత్రం బయట పెట్టేవాడు కాదు, మారుపేరు కింద దాచేసేవాడు. అచ్చం నాన్నే అనుకుని మురిసిపోయింది ఆ పిల్ల.

సురేష్ బాబు వచ్చాడు. చేపల పులుసు వాసనకి ఆనందంగా కుర్చీ లాక్కున్నాడు. కూర్చోగానే సుందరరాజు పాట సంగతి ఎత్తి నిలదీశాడు.

“దొంగతనమంటారేంటి అన్నయ్యా? పాట దానంతటదే నా నోటికొచ్చిందండీ, ఆయ్!”

“ఎక్కడొచ్చింది? మన లిఫ్టులోనా?”

హెలెన్ చెంచాతో గ్లాసు మీద టంగుమని కొట్టింది. “ఆ కాలంలో ఫ్రాన్సు కవులు తగువు పడితే పెద్దింటి ఇల్లాలు తీర్పు చెప్పేదంట. ఇక్కడ జడ్జి అమ్మ. ప్రశ్న ఒక్కటే. పాటలో ఉన్నది ఎవరు?”

సురేష్ బాబు పులుసు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. “ఎవరో... ఊహాసుందరి.”

సుందరరాజు కోర్టులో వకీలు లేచినట్టే లేచి గొంతు సవరించుకున్నాడు.

“‘గుండ్రని మోముదానా, సెగ తగిలితే పొంగేదానా, వేళ మించితే బిగిసేదానా, నా చెయ్యి తాకితే ఒదిగేదానా!’ గుండ్రటి మొహం, చిటికెలో కోపం, నేను ఆలస్యంగా వస్తే బిర్రబిగుసుకుపోవడం... ఇంకెవరు? మీ అమ్మే!”

హెలెన్ అమ్మ మొహంలోకి చూసింది. గుండ్రంగానే ఉంది. ఇంకేం, కేసు తేలిపోయింది!

సురేష్ బాబు రెండు చేతులూ పైకెత్తేశాడు. “ఖలాస్ అన్నయ్యా! లిఫ్టులో విని ఎత్తేశాను. శాలువా మీదే. వదినా, పులుసు మాత్రం ఆపకండి.”

సుందరరాజు మీసం మీద చెయ్యేసుకుని భార్య వైపు చూశాడు. మెర్సీ వంటింట్లోకి వెళ్లి, పెనం మీంచి తీసిన కుబ్బూస్ తెచ్చి భర్త కంచంలో వేసింది. బూరెలా పొంగి ఉన్న అది, ఆయన వేలు తగలగానే ఆవిరి వదిలి మెత్తగా ఒదిగిపోయింది.

“ఇక నా తీర్పు వినండి,” అంది మెర్సీ నవ్వు ఆపుకుంటూ. “శాలువా నేను కప్పుకుంటాను, రేపట్నించి కుబ్బూస్ మీరు వేడి చేస్తారు. పెనం ముందు నిలబడి ఈ కుబ్బూస్ మీద నేను కట్టుకున్న పాట వంటింటి తలుపు చాటునుంచి విని ఎలాగూ కంఠతా పట్టేశారుగా!”