ఐదుకు ఐదు

సువార్త ఫోనులో ముగ్గురే కనిపిస్తున్నారు. పోలండు నుంచి కాషా, కెన్యా నుంచి ఒటియెనో, అనంతపురం హాస్టలు గదిలోంచి తను. నాలుగో గడిలో రాయదుర్గం జీన్స్ యూనిట్ కనిపించాలి. ఇంకా రాలేదు.

ఎంబీఏలో ఇదొక కొత్త తద్దినం. మూడు దేశాల పిల్లలు, ఒక టీము, ఒక ప్రాజెక్టు. మార్కుల్లో సగం టీము వాళ్ళే ఒకరికొకరు వేసుకోవాలి. వాళ్ళు తక్కువ వేస్తే సువార్త పాసు కాదు. పాసు కాకపోతే బెంగుళూరు ఉద్యోగం రాదు. అంతే సంగతి.

మొదటి వారం ఇంటి విషయాలు చెప్పుకున్నారు. కాషా తండ్రి డాక్టరు. ఒటియెనో వాళ్ళకు హోటలుంది. సువార్త "మాది బట్టల వ్యాపారం" అంది. ఎవరు చూడొచ్చారు?

ఇవాళ జీన్స్ కుట్టే మనిషినొకరిని ఇంటర్వ్యూ చేయాలి. తెలుగు వచ్చింది సువార్తకే. అడిగేదీ ఆమే, తర్జుమా చేసేదీ ఆమే.

నాలుగో గడి వెలిగింది. సూపర్‌వైజరు గంగప్ప ఫోను పట్టుకుని మిషన్ల మధ్య నడిచి ఒకామె ముందు ఆగాడు.

"ఈయమ్మను అడుగమ్మా. శానా ఏండ్ల మనిషి."

ఆమె మిషను ఆపి ఫోనులోకి చూసింది. తర్వాత కొంగు సర్దుకుంది.

"నమస్తే మేడం."

రోట్లో తల పెట్టాక రోకటి పోటుకు భయపడితే ఎట్లా? సువార్త మొదలుపెట్టింది.

"మీ పేరు?"

"నల్లమ్మ."

"ఎన్నేండ్ల నుంచి కుడతాండారు?"

"పదకొండేండ్లాయ."

"పని కష్టమా?"

"నడుము పట్టేస్తాది. కుట్టకపోతే బువ్వ యాడ నుంచి వస్తాది మేడం?"

సువార్త ఇంగ్లీషులో చెప్పింది. కాషా రాసుకుని, పిల్లలెంతమందో, ఏం చేస్తున్నారో అడగమంది.

సువార్త మ్యూటు నొక్కి, కాసేపటికి తీసింది. నెట్ పోయిందా అన్నాడు ఒటియెనో. లేదంది.

"పిల్లలెంతమంది?"

"లేరు మేడం," అంది నల్లమ్మ వెంటనే. "నాకెవురూ లేరు."

సువార్త ఆ మాటే ఇంగ్లీషులో చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. లోపల ఏమీ అనిపించలేదు, అదే ఆమెకు వింతగా ఉంది. పాపం, ముసలితనంలో ఎవరు చూస్తారో అని కాషా జాలిపడింది.

వారానికి కాలేజీ నుంచి ఫీడ్‌బ్యాక్ ఫారం వచ్చింది. పరాయి దేశాల వాళ్ళతో పని ఎలా ఉంది? ఐదుకు ఐదు. ఒకరినొకరు అర్థం చేసుకున్నారా? ఐదుకు ఐదు. టీము కూడా ఆమెకు ఐదే వేసింది. తర్జుమా చాలా బాగా చేసిందని కాషా ప్రత్యేకంగా రాసింది.

ఆదివారం సువార్త బస్సెక్కి ఇంటికి పోయింది.

కంచంలో అన్నం పెడుతూ వాళ్ళమ్మ మెల్లగా అడిగింది: "ఆ పొద్దు ఫోన్లో నేను బాగానే చెప్పినానా పాపా?"