కాఫీ డబ్బాలో మట్టి

"పెద్దాయనా, పార్కులో చెత్త పోయకూడదు."

గుట్ట నెత్తిన వంగి ఉన్న ముసలాయన నింపాదిగా నడుం ఎత్తాడు. చేతిలో పాత కాఫీ డబ్బా ఉంది.

"చెత్త కాదమ్మా, మట్టి."

"మట్టయినా అంతే."

లినెట్ ఆ ఊరి పార్కులకు కొత్తగా వచ్చిన అధికారి. అమెరికా నడిమధ్య ఊరది. ఎటు చూసినా మొక్కజొన్న చేలే, నేలంతా చాప పరిచినట్టు చదును. ఆ చదునులో మూడంతస్తుల ఎత్తున్న ఒకే ఒక్క గుట్ట ఇది. మంచు పడితే చాలు, ఊళ్లో పిల్లలంతా జారుడు బండ్లు పట్టుకుని ఇక్కడే ఉంటారు.

భూగర్భశాస్త్రం చదివిన మనిషి కాబట్టి మొదటిరోజే ఆమె ఈ గుట్ట మీద మనసు పారేసుకుంది. పద్నాలుగు వేల ఏళ్ల కిందట ఈ నేల మీద మంచు పలక కొండంత మందాన కదిలింది. కరిగిపోతూ అక్కడక్కడ దిబ్బలు వదిలి వెళ్లింది. గుట్టెక్కినప్పుడల్లా అది తలుచుకుని ఆమెకు ఒళ్లు గగుర్పొడిచేది.

"పిల్లలు జారీ జారీ నెత్తి అరగదీస్తారమ్మా," అన్నాడు ముసలాయన. "ఏటా ఇంత కుంగుతుంది. ఏప్రిల్లో వచ్చి కాస్త సర్దిపోతుంటాను."

"మంచు వదిలివెళ్లిన గుట్ట ఇది. మనం చెయ్యి పెట్టకూడదు."

"మంచా?"

లినెట్ ఫైలు తెరిచి, గుట్ట మీద పెట్టబోయే బోర్డు నమూనా చూపించింది. ఆయన జేబులోంచి కళ్లద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని చదివాడు. మంచుయుగం మన ఊరికిచ్చిన కానుక అని ఉంది పైన.

"బాగా రాశావు," అన్నాడు.

"ఊరికే రాయలేదు పెద్దాయనా. దీన్ని చదును చేసి కార్లు నిలపడానికి జాగా చేద్దామంటున్నారు మా వాళ్లు. రాష్ట్రంవాళ్ల సహజ సంపద జాబితాలో ఎక్కిందా, ఇక దీని జోలికి ఎవరూ రాలేరు."

ముసలాయన కళ్లద్దాలు తీసేశాడు. గుట్ట కిందికి ఒకసారి చూశాడు.

"మంచు చేసిందైతే తవ్వరా?"

"తవ్వరు."

"నువ్వే చెప్పావుగా, అయితే మంచే."

డబ్బాలో మిగిలిన మట్టి మీద జాగ్రత్తగా మూత పెట్టుకుని కిందికి దిగిపోయాడు. చాదస్తం అనుకుంది లినెట్. ఆయన పేరు కూడా అడగలేదు.

ఆ తర్వాత ఆయన మళ్లీ కనిపించలేదు.

శీతాకాలం రాకముందే గుట్ట జాబితాకెక్కింది. మరుసటి ఏడాది మే నెలలో బోర్డు నిలబెట్టడానికి పనివాడు వెండెల్ గుంతలు తవ్వాడు. సాయంత్రం ఆమె బల్ల మీద నల్లటి ముక్క ఒకటి పెట్టాడు.

"నాలుగడుగుల లోతున దొరికింది. తారు. మీ మంచు రోడ్లు కూడా వేసిందా ఏంటి?"

"ఎవరో ఎప్పుడో పూడ్చుంటారులే."

అంది గానీ, ఆ ముక్కను పారేయలేకపోయింది. కోటు జేబులో వేసుకుంది.

బోర్డు తెర తీసిన రోజు ఊరంతా వచ్చింది. మేయరు మంచుయుగం గురించి పావుగంట మాట్లాడాడు. జనం నిమ్మరసం తాగి, చప్పట్లు కొట్టి, ఇళ్లకు పోయారు.

అందరూ వెళ్లాక కొత్త నడకబాట మీదుగా ఒకావిడ చక్రాల కుర్చీ తనే తోసుకుంటూ పైకొచ్చింది. అరవైకి దగ్గర్లో ఉంటుంది. ఒళ్లో పాత కాఫీ డబ్బా.

"పార్కు ఆవిడ మీరేనా? నా పేరు లవోన్. ఇది ఇక్కడ పోసుకోనిస్తారా? ముందు మిమ్మల్ని అడగమన్నాడు మా నాన్న."

డబ్బాను లినెట్ గుర్తుపట్టింది.

"ఆయన రాలేదేం?"

"జనవరిలో పోయాడు."

లినెట్ జేబులోని తారు ముక్క చేతికి తగిలింది. తీసి చూపించింది.

లవోన్ నవ్వింది. "నాన్నదే. రోడ్ల పనిలో ట్రక్కు తోలేవాడు. రోడ్ల పక్క కాలవలు తవ్విన మట్టి అడిగి తెచ్చి ఇక్కడ పోసేవాడు. అప్పుడిది ఊరవతల మా గడ్డి చేను. ఎవరితోనూ అనొద్దన్నాడు, తెలిస్తే గుట్టని తవ్వేస్తారట. మీకొక్కరికీ చెప్పకుండా ఉండలేకపోయాను."

లినెట్ గుట్ట అంచుదాకా నడిచి కిందికి చూసింది. ఇన్నాళ్లూ కొండంత మంచును తలుచుకుని పులకరించిన మనిషి ఇప్పుడు ఆ వాలును అడుగు నుంచి నెత్తిదాకా కళ్లతో కొలిచింది.

"ఇదంతా ఒక్క మనిషా?"

"పదకొండేళ్లు. నేల గడ్డకట్టని కాలమంతా, డ్యూటీ దిగాక రోజుకో ట్రక్కు."

ఆ ఏడాది గుట్ట నెత్తి బెత్తెడు కుంగి ఉంది. లినెట్ డబ్బా అందుకుని, పోయిన ఏడాది ఆయన్ని ఆపిన చోటే మోకాళ్ల మీద కూర్చుంది. మట్టి పోసి అరచేత్తో అదిమింది. కళ్లు మసకబారుతుంటే తల ఎత్తకుండానే అడిగింది.

"ఎందుకు చేశాడండీ ఇంత పని?"

లవోన్ మోకాళ్ల మీది దుప్పటి సర్దుకుంది.

"నాకు ఆరేళ్లప్పుడు పోలియోతో కాళ్లు రెండూ పడిపోతే, జారుడు బండికి కాళ్లతో పనేముంది, కొండ ఒక్కటుంటే చాలు కదా అన్నాడండీ నాన్న."