ప్రమాదం ఒక్కటే చాలండీ

"ఈ ఫోను పట్టుకెళ్లి చెరువులో పారేస్తానండీ!" అన్నారు వీరవెంకటరమణ.

ఆయన అంటుండగానే అది మళ్లీ కుయ్యిమంది. 'నీటి వేడి మామూలు' అట! మోటారు తిరిగితే ఒక మెసేజు, ఆగితే ఇంకొకటి. పొద్దుటి నుంచీ ప్రాణం తోడేస్తోంది. రొయ్యల పట్టుబడి వచ్చే వారమే. ఈ పంట కూడా పోతే ఆయన మళ్లీ చెరువు మొహం చూడలేరు.

చెరువు సంగతులు ఫోనుకి పంపే ప్రోగ్రామ్ రాసిన స్టెల్లా గట్టు మీదే లాప్‌టాప్ తెరిచింది.

"ప్రతి మాటకీ ఒక స్థాయి ఉంటుందండీ బాబాయి గారూ. మామూలు, జాగ్రత్త, ప్రమాదం. ఏ స్థాయివి లాగ్‌లోకి, అంటే దాని చిట్టాలోకి, పంపమంటే అవే పంపుతుంది. లాగ్‌లోకి వెళ్లినవే మీ ఫోనుకొస్తాయి."

"అయితే ప్రమాదం ఒక్కటే చాలండీ."

స్టెల్లా ఒక్క లైను మార్చింది. ఫోను నోరు మూసుకుంది.

"ఇంకో మాటండీ," అన్నారు రమణ. "ఆక్సిజన్ తగ్గితే నన్నడక్కుండా ఆ గాలి కొట్టే ఏరియేటర్లు వేసెయ్యకూడదు. అదీ మర్యాదగా అడగాలి. మొహం మీద కొట్టినట్టు 'ప్రమాదం' అంటే ఏం బావుంటుందండీ?"

స్టెల్లా నవ్వుకుంటూ అదీ రాసింది.

మూడో రోజు పొద్దుటి నుంచీ ముసురు. మధ్యాహ్నం రమణ అమలాపురంలో పెళ్లి భోజనం దగ్గరున్నారు. ఫోను మోగింది. తెర మీద ఒక్క ముక్కే కనబడుతోంది: 'నమస్కారమండీ. భోంచేశారా అండీ?'

ఎవరో పెద్దమనిషి! పలకరిస్తే పలక్కపోవడం ఆయన ఇంటా వంటా లేదు. ఎడంచేత్తో 'ఆయ్' అని కొట్టి, ఫోను జేబులో పడేసి, ఇంకో పూతరేకు వేయించుకున్నారు.

చెయ్యి కడుక్కుంటుంటే స్టెల్లా ఫోను చేసింది.

"మెసేజ్ పూర్తిగా చదివేరాండీ?"

రమణ తెరిచి చూశారు. 'నమస్కారమండీ. భోంచేశారా అండీ? మీ చెరువులో ఆక్సిజన్ పడిపోయిందండీ. ఏరియేటర్లు వేసెయ్యమంటారా అండీ?'

మెసేజొచ్చి ముప్పావుగంట!

"రొయ్యలన్నీ తేలిపోయుంటాయమ్మా! నా కొంప మునిగిపోయింది!"

"అయ్యో, ఏరియేటర్లు అప్పుడే తిరిగేయండీ. రొయ్యలు హాయిగా ఉన్నాయి. వెయ్యమని మీరే కదా చెప్పేరు!"

"నేనా? నేనెప్పుడు చెప్పేనండీ?"

"కోనసీమ ప్రోగ్రామ్ కదా బాబాయి గారూ, 'అవును' దగ్గర 'ఆయ్' కూడా రాసేనండీ."