అంబలి తాగిన ఉపవాసం

మత్తు డాక్టరుకు అబద్ధం చెప్పి, గుడికొచ్చి స్తుతిస్తే దేవుడు మెచ్చుకుంటాడనుకున్నారా?

ఆపరేషను గది గుమ్మంలో మత్తు డాక్టరమ్మ మన ఫ్లోరెన్సును అడిగింది, పొద్దున్నుంచి ఏమైనా తీసుకున్నావా అని. ఆమె నోరు తెరిచేలోపే భర్త సైలసు, మన సంఘపెద్ద, గొంతు సవరించుకున్నాడు. “ఉపవాస ప్రార్థనలో ఉందండీ.”

మన కొండ ఊళ్ల ఉపవాసం సంగతి మీకు తెలియదా! చోడి అంబలి, అదే రాగి జావ, తాగినా అది చెడదు. మత్తులో ఆ అంబలే పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి దిగితే మాత్రం మనిషి మిగలదు.

“అంబలి తాగినానమ్మా” అంది ఫ్లోరెన్సు. ఆపరేషను మర్నాటికి వాయిదా వేశారు. ఆమె బతికొచ్చింది.

వచ్చిన ఆదివారమే ఈ సున్నం కొట్టిన సమాధి, ఈ సైలసు, ఆమెను సంఘం ముందు నిలబెట్టాడు. “డాక్టరమ్మ ముందు సంఘపెద్ద పరువు తీసింది. క్షమాపణ అడుగు.” మీరంతా ఆమెన్ అన్నారు.

ఆమె అతని వైపు తిరిగింది. “ఏటి అడగమంటారు? ‘అంబలికి ఉపవాసం సెడదు, తాగు’ అని గిన్నె నా నోటికి అందించింది మీరే కదేటండీ?”

ఇప్పుడు అనండి ఆమెన్! మీ ఇంట ఎవరికి ఆపరేషను రాసినా, అంబలి ఎప్పుడు మానాలో, నీళ్లు ఎప్పుడు మానాలో మత్తు డాక్టరును ఇవాళే అడగండి. బేగి లేవండి!