ఆయన ఒప్పుకోవాలి

“గట్టిగా మాటాడకండి. లోపల ఆయన పడుకున్నారు,” అంది జ్ఞానమణి.

జీవరాజు గొంతు తగ్గించాడు. పాయకరావుపేట బస్సులో జన్మంతా టిక్కెట్లు కొట్టి రిటైరైన కండక్టరు గొంతు అది, తగ్గమంటే ఒక పట్టాన తగ్గదు. కర్టెన్ వెనక గదిలోంచి గురక నింపాదిగా వినిపిస్తోంది. ఇంట్లో ఇంకొకరి గురక వినపడటం ఎంత అదృష్టమో అతనికి ఈమధ్యే తెలిసింది.

నర్సీపట్నం మొత్తానికి బాసెట్ కుక్కలున్నది జ్ఞానమణి ఇంట్లోనే. మిషన్ ఆసుపత్రి దొర స్వదేశం వెళ్ళిపోతూ ఒక మగదాన్నీ, అప్పటికింకా పసిదైన ఆడదాన్నీ తన దగ్గర నర్సుగా చేసిన ఈవిడకి అప్పజెప్పాడు. పొట్టి కాళ్ళు, పొడుగు నడుం, నేల ఊడ్చే చెవులు, లోకంలో దిగులంతా తమకే వచ్చినట్టు మొహం. ఆ మొహం చూడగానే జీవరాజుకి అద్దంలో చూసుకున్నట్టయింది.

కానీ కుక్కపిల్లని అడగ్గానే ఇచ్చేసే మనిషి కాదు జ్ఞానమణి. పిల్లలు కళ్ళు తెరిచినప్పటి నుంచీ జీవరాజు కోటవురట్లలో బస్సెక్కి వారం వారం వస్తూనే ఉన్నాడు. వచ్చినప్పుడల్లా పరీక్షే.

“మెట్ల సంగతేం చేసేరు?”

“చెక్క వాల్చేసేనండి. నేనెక్కి సూసేను. నేను జారిపోయేను గానీ దానికి ఫరవాలేదు.”

“చెవులో?”

“రోజూ తుడిసి, తడి లేకుండా సూసుకోవాలండి.”

“ముద్దొస్తంది కదాని తెగ మేపీకండి. బరువంతా నడుం మీద పడతాది.”

“అలాగేనండి. తల్లిని సూసేను గానీ, తండ్రేడండి?”

“ఉన్నాడు. ముసలాడైపోయేడు, కొత్తోళ్ళ ముందుకి రాడు.” జ్ఞానమణి మాట మార్చింది. “మీ ఆవిడేటంటంది? ఇష్టమేనా?”

“ప్రేమావతాండీ? అప్పుడే పేరు కూడా పెట్టీసింది!”

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. మొదటి రోజు జ్ఞానమణి, “ఒంటరిగా ఉన్నోళ్ళకి పిల్లనివ్వనండి. ఒక్క పూట ఎవరూ లేకపోతే వీధంతా వినపడేలా ఏడుస్తాయివి. మీరు బజారుకెళ్తే ఇంట్లో ఎవరుంటారు?” అని అడిగింది. “మా ఆవిడుంది” అని జీవరాజు నోటంట వచ్చేసింది. ప్రేమావతి సమాధుల తోటలో పడుకుని రెండు క్రిస్మస్‌లు దాటాయి. ఆడిన అబద్ధాన్ని సాకాలి కదా, అందుకని వారం వారం ప్రేమావతి ఏదో ఒకటి అంటూనే ఉంది. ఇంటికి పోయి తాళం తీశాక, ఆ మాటలన్నీ తనే అల్లాడని గుర్తొచ్చి అతనికి ఏడుపొచ్చేది.

“అయితే ఆదివారం గుళ్ళో ప్రార్థనయ్యాక నేనే పిల్లని తెస్తాను. మీ ఆవిడ చేతుల్లోనే పెడతాను,” అంది జ్ఞానమణి.

జీవరాజు తల దించుకున్నాడు. అతని చెప్పు మీద గడ్డం ఆనించి ఒక పిల్ల నిద్రపోతోంది. దాన్ని చూస్తూ, “లేదండి,” అన్నాడు.

“ఏటి లేదు?”

“మా ఆవిడ లేదండి. పోయింది.” గొంతు దానంతటదే తగ్గిపోయింది. “బస్సులో కాలు పెట్టడానికి సోటుండేది కాదండి నాకు. ఇప్పుడింట్లో రేడియో తప్ప మాటాడే దిక్కు లేదు. దగ్గితే ఏటైందని అడిగేవోళ్ళు లేరు. అందుకే అబద్ధమాడేను. తప్పే.”

నిద్ర చెడకుండా పిల్లని పక్కకి జరిపి లేచాడు.

“కుసోండి,” అంది జ్ఞానమణి. కర్టెన్ వైపు ఓసారి చూసింది. తర్వాత, “ఇలాటివి నేనొక్కదాన్నీ తేల్చలేను. ఆయన ఒప్పుకోవాలి. మీ తువ్వాలిలా ఇవ్వండి,” అంది.

“తువ్వాలెందుకండి?”

“ఇవ్వండి, బేగి.”

భుజం మీది తువ్వాలు తీసుకుని ఆవిడ కర్టెన్ వెనక్కి వెళ్ళింది. గురక ఆగింది. మంచం కిర్రుమంది. “ఒక్కరే ఉంటారంట. మంచోళ్ళలాగే ఉన్నారు. ఏటంటారు?” అని ఆవిడ బుజ్జగింపుగా అడగడం వినిపించింది. జవాబు మాత్రం జీవరాజుకి అందలేదు. కర్టెన్ వైపు చూస్తూ ప్రార్థన చేసుకున్నాడు. ప్రేమావతి పోయాక అతను నోరు తెరిచి దేవుణ్ణి ఏదైనా అడగడం అదే మొదలు.

జ్ఞానమణి తిరిగొచ్చి తువ్వాలు చేతికిచ్చింది. ఓ కొస తడిగా ఉంది.

“ఒప్పుకున్నారు. పిల్లని తీసుకెళ్ళండి. ఒక్కటే మాట, ఎప్పుడైనా సాకలేకపోతే ఇంకెవరికీ ఇవ్వకండి. నా దగ్గరికే తేండి.”

పిల్లని గుండెకి హత్తుకుని జీవరాజు ఆ తడి తువ్వాలుతోనే కళ్ళు తుడుచుకున్నాడు. గదిలో మళ్ళీ గురక మొదలైంది.

“ఆయనకి వందనాలు సెప్పుకుని పోతానండి.”

“వద్దండి. పడుకున్నారు.”

“అబద్ధమాడినోణ్ణి నమ్మేరండి. మొహం సూసి సెప్పకపోతే నాకు మనసొప్పదు.”

జ్ఞానమణి కర్టెన్ పట్టుకుని నిలబడింది. ఎన్నాళ్ళుగానో మోస్తున్న బరువు ఎక్కడ దించాలో తెలియనట్టుంది ఆవిడ మొహం.

“అబద్ధాన్ని సాకడం ఎంత కష్టమో నాకూ తెల్సండి,” అని కర్టెన్ పక్కకి లాగింది.

భర్త గోడ మీది పటంలో ఉన్నాడు. మంచం మీద చొంగ కారుస్తూ గురక పెడుతున్నది కుక్కపిల్లల తండ్రి.